కూర్చోనివ్వని ఆర్గన్

ఆ ఆదివారం పొద్దున టీచరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. తప్పు లేకుండా వాయించాలి. ముప్పై ఏళ్లుగా చర్చిలో ప్రతి ఆదివారం చేస్తున్న పనే కాబట్టి మామూలుగా అయితే దాని గురించి ఆలోచించాల్సిన అవసరం లేదు. కాని ఆ రోజు ఆరాధన మధ్యలో, ప్రకటనల వేళ, సంఘం చైర్మన్ గారు లేచి ఒక సంగతి చెప్పబోతున్నారని ఊరందరికీ తెలుసు. పాత గొట్టాల ఆర్గన్‌ను పక్కన పెట్టి, మీట నొక్కితే పాటలన్నీ తనే వాయించేసే కొత్త పెట్టె ఒకటి తేవాలని ఆయన పట్టుదల. పెట్టె వస్తే మీట నొక్కడానికి టీచరమ్మ అక్కర్లేదు. చైర్మన్ గారి వేలు చాలు.

అందుకని ఆమె రాత్రే చీర తీసి పెట్టుకుంది. ఆర్గన్ కింద కాలితో నొక్కే మెట్లు తొక్కడానికి వాడే పల్చటి అడుగు చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకుంది. వారమంతా పిల్లలకు సంగీతం పాఠాలు చెప్పే గదిలో తలుపు వేసుకుని పాటలన్నీ మరోసారి చూసుకుంది. చెప్పులు వేసుకుంటుండగా భర్త ఈల వేయడం వినిపించింది. ఆయన ఈల వేశాడంటే ఎక్కడో ఏదో విప్పి, మళ్లీ బిగించి ఉంటాడు.

"ఏమండీ, పొద్దున్నే అంత హుషారేమిటి?"

"ఏం లేదే. ఇవాళ నీ వాయిద్యం వింటే ఆ చైర్మన్‌కి నోట మాట రాకూడదు."

"మీరేమైనా చేశారా?"

"నేనేం చేస్తాను? నాకు సంగీతం వచ్చా పాడా?"

ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చేతులు మాత్రం రిటైర్ కాలేదు. ఇంట్లో ఫ్యాను, గోడ గడియారం, ఇస్త్రీపెట్టె, వంటింటి కుళాయి, అన్నీ ఆయన స్వయంగా బాగుచేసినవే. అందుకే ఆ ఇంట్లో టైము తెలుసుకోవాలంటే పక్కింటికి వెళ్లాలి. అయినా మనిషి బంగారం. భార్యంటే ప్రాణం. ఆమె పని పోతుందని తెలిసినప్పటి నుంచి ఆమె కంటే ఆయనకే నిద్ర పట్టడం లేదు. అసలు చిక్కంతా ఆ ప్రేమ వల్లనే వచ్చింది.

ఇక్కడ ఆ చర్చిలో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. అది తెలియకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. ఆర్గన్ మోగితే అందరూ లేచి నిలబడాలి. ఆగితే కూర్చోవాలి. ఎప్పటి పాస్టరు పెట్టిన నియమమో ఎవరికీ గుర్తు లేదు గాని, అందరి మోకాళ్లకీ గుర్తుంది. పసిపిల్లలు కూడా మాటలు రాకముందే అది నేర్చుకుంటారు. ఒకసారి టీచరమ్మకు జలుబు చేసి, పాట మధ్యలో తుమ్ము కోసం చేతులు ఎత్తితే, సంఘమంతా కూర్చుంది. తుమ్మాక మళ్లీ లేచింది. ఎవరూ నవ్వలేదు. వాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు.

ఆర్గన్ ఉండేది చర్చి వెనక భాగంలో, పైన బాల్కనీలో. అక్కడ కూర్చుంటే టీచరమ్మ వీపు జనం వైపు ఉంటుంది. కింద ఏం జరుగుతోందో ఆమెకు కనబడదు. భర్త పక్కనే నిలబడి పాటల పుస్తకం పేజీలు తిప్పుతూ, మధ్యమధ్యలో పిట్టగోడ మీంచి వంగి కిందకి చూసి చెబుతుంటాడు. ఆ రోజు ఆయన పేజీలు తిప్పుతూ కూడా నవ్వుకుంటూనే ఉన్నాడు.

మొదటి పాట అద్భుతంగా సాగింది. ఎప్పుడూ కీచుమనే కీ ఒకటి ఆ రోజు కిక్కురుమనలేదు. టీచరమ్మ మనసులో సంతోషించింది. చివరి చరణం ముగించి, రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆర్గన్ మోగుతూనే ఉంది.

అన్ని స్వరాలూ కాదు, ఒక్కటే. మధ్యలో ఉండే 'జి'. సన్నగా, స్థిరంగా, ఎవరో పిలిచినట్టు మోగుతోంది. చూస్తే ఆ కీ కిందకి దిగి అక్కడే కూర్చుంది. ఆమె గోటితో పైకి లాగింది. రాలేదు.

"ఏమండీ, ఇదేమిటి?"

ఆయన మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. "నిన్న నువ్వు పాఠాలు చెబుతుంటే వచ్చి కాస్త నూనె వేశానే. కీచుమంటోందని నువ్వే అన్నావుగా."

"ఏ నూనె?"

"కుట్టుమిషన్ నూనె."

"ఎంత?"

"సీసా."

"సీసాలో కాస్తా?"

"సీసా."

పాత కర్ర. ఎండిపోయి ఉంది. రాత్రంతా హాయిగా నూనె తాగి ఉబ్బింది. టీచరమ్మ గబగబా కీల పక్కనున్న గుబ్బ మీద చెయ్యి వేసింది. ఆ గుబ్బ లాగితే గొట్టాలకు గాలి వెళ్తుంది, లోపలికి నెట్టేస్తే ఆగిపోతుంది. కీ మొరాయించినా గుబ్బ నెట్టేస్తే శబ్దం ఉండదు. నెట్టింది. కదల్లేదు. ఆమె తల తిప్పి భర్త వంక చూసింది.

"దానిక్కూడానా?"

"ఒకదానికి వేసి ఒకదానికి వేయకపోతే బాగుండదని," అన్నాడాయన నేల చూస్తూ.

ఇక మిగిలింది గాలి నింపే మోటారు ఆపడమే. దానికీ వీల్లేదు. పైన మోటారు, కింద మైకు ఒకే స్విచ్చి మీద నడుస్తాయి. ఆ వైరింగ్ చేసింది చైర్మన్ గారి బావమరిది కావడం వల్ల దాని గురించి ఎవరూ నోరెత్తరు. కింద అయ్యగారు అప్పుడే మైకు ముందుకు వచ్చారు. పాస్టరుగా ఆయనకు అన్నీ ఉన్నాయి, గొంతు తప్ప. మైకు లేకపోతే ఆయన మాట ముందు వరసకే అందదు.

"మోటారు జోలికి వెళ్లకండి. అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు. కింద ఏం చేస్తున్నారు?" అంది టీచరమ్మ గుసగుసగా.

భర్త వంగి చూశాడు. "నిలబడే ఉన్నారే."

అయ్యగారు కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు. జనం ఆ చేతి వంక మర్యాదగా చూసి, నిలబడే ఉన్నారు. ఆర్గన్ లేవమంటోంది, అయ్యగారు కూర్చోమంటున్నారు. ఎవరి మాట వినాలో ఆ సంఘంలో ఎవరికీ సందేహం రాలేదు. టీచరమ్మ ఇంకా ప్రార్థించమంటోంది కాబోలనుకుని అయ్యగారు మరో ప్రార్థన చేశారు. రైతుల కోసం చేశారు, రోగుల కోసం చేశారు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం చేశారు. స్వరం ఆగలేదు. చివరికి ప్రయాణం పెట్టుకోవాలనుకుంటున్న వాళ్ల కోసం కూడా చేసి, ఇంకెవరూ తోచక ఊరుకున్నారు.

ఇంతలో బెంచీల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. ఆర్గన్ ఇలా ఒకే స్వరం మీద ఏడుస్తోందంటే ఎవరో పెద్దమనిషి పోయి ఉండాలని రొట్టెల దుకాణం ఆయన తేల్చాడు. ఎవరు రాలేదా అని అందరూ అటూ ఇటూ చూశారు. హెడ్మాస్టరు గారి చోటు ఖాళీగా ఉంది. పాపం, నిన్న కూడా బాగానే ఉన్నారని ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. మరొకాయన ఆయన మంచితనం గురించి రెండు ముక్కలు చెప్పాడు. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గారు తలుపు తోసుకుని, ఆలస్యమైనందుకు సిగ్గుపడుతూ లోపలికి వచ్చారు. తన రాక చూసి ఇంతమంది మొహాలు వెలగడం ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడలేదు.

ప్రకటనల వేళ అయింది. చైర్మన్ గారు కోటు సర్దుకుని మైకు ముందుకు వచ్చారు. పైన టీచరమ్మ ఆ గుబ్బను మరోసారి నెట్టి చూసింది. తన పని సంగతి తేలేది ఇప్పుడే, నెత్తిమీద ఈ గోల మోగేదీ ఇప్పుడే.

"సోదర సోదరీమణులారా," అన్నారు చైర్మన్ గారు స్వరానికి పైన గొంతు లేపి. "మన ఆర్గన్ పరిస్థితి మీరే వింటున్నారు. కాబట్టి కమిటీ తరఫున నేను చెప్పేదేమిటంటే..."

ఆ మాట వింటూ పైన భర్త తట్టుకోలేకపోయాడు. పాడుచేసింది తను, మాట పడేది ఆవిడ. ప్రార్థన అయిపోయింది కదా, ఇక మోటారు ఆపితే తప్పేమిటని రెండంగల్లో వెళ్లి స్విచ్చి కట్టేశాడు. అది మైకు స్విచ్చి కూడా అన్న సంగతి ఆ కంగారులో ఆయనకు గుర్తు రాలేదు.

ఆర్గన్ గాలి తగ్గుతూ, బావిలోకి జారిపోతున్నట్టు ఒక మూలుగు మూలిగి ఆగింది. సంఘమంతా ఒక్కసారి కూర్చుంది. చైర్మన్ గారి పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం ఎవరికీ వినబడడం లేదు. ఆయన మైకు తట్టారు, ఊదారు, గట్టిగా అరిచారు. ఆ ఎత్తు కప్పు కింద ఆ అరుపు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

"మైకు కూడా పోయిందండీ. వెయ్యండి, మళ్లీ వెయ్యండి," అంది టీచరమ్మ. ఆయన వేశాడు. మోటారు లేచింది, గాలి నిండింది, స్వరం మెల్లగా పైకెక్కి మళ్లీ తన చోట కూర్చుంది. సంఘం మళ్లీ నిలబడింది.

చైర్మన్ గారికి విషయం అర్థమైపోయింది. అంటే ఆయనకు కావలసినట్టు అర్థమైంది. తను నోరు తెరిస్తే మూయించడానికి, జనాన్ని తన ముందు బొమ్మల్లా లేపి కూర్చోబెట్టడానికి ఆవిడ కంకణం కట్టుకుంది. ఆయన మొహం ఎర్రబడింది. అయ్యగారి వైపు తిరిగి పళ్లు నూరుతూ, రహస్యంగా అన్నారు.

"చూశారా ఆవిడ పంతం? నన్ను మాట్లాడనివ్వదట. ఆవిడకి ఇదే ఆఖరి ఆదివారం, రాసిపెట్టుకోండి."

మైకు అప్పటికే తిరిగి వచ్చింది. ఆ రహస్యం గేటు దగ్గర సైకిళ్లు చూసుకునే వాచ్‌మన్‌కి కూడా వినిపించింది.

చర్చి అంతా నిశ్శబ్దం. ఆర్గన్ మినహా. అప్పుడు ఆ సంఘానికి అంతా అర్థమైపోయింది. ఓహో, పోయింది ఎవరూ కాదు. పంపిస్తోంది టీచరమ్మని. ఈ స్వరం ఆవిడ వీడ్కోలు. ఇంతసేపూ మనం నిలబడింది అందుకు. అలవాటు కొద్దీ నిలబడ్డవాళ్లు ఆ క్షణం నుంచి కావాలని నిలబడ్డారు. నడుములు నిటారయ్యాయి. తన ముగ్గురు పిల్లలకూ ఆవిడ దగ్గరే సంగీతం చెప్పించిన రొట్టెల దుకాణం ఆయన చేతులు కట్టుకుని చైర్మన్ గారి వంక చూశాడు. చైర్మన్ గారు ప్రకటన సంగతి తరవాత చూద్దామనుకుని వెళ్లి తన బెంచీ ముందు నిలబడ్డారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. కాని సంఘమంతా నిలబడి ఉంటే చైర్మన్ ఒక్కడూ ఎలా కూర్చుంటాడు?

"ఏమంటున్నారండీ?" అంది టీచరమ్మ. రహస్యం ఆమెకూ వినిపించింది.

"ఎవరూ ఏమీ అనడం లేదే. అందరూ పైకి చూస్తున్నారు," అని భర్త ముక్కు ఎగబీల్చాడు. "నన్ను క్షమించవే. నేనిప్పుడే లోపలికి దూరి ఆ కీ సంగతి చూస్తాను." ఆర్గన్ పక్కనున్న చిన్న తలుపు తీసి, మోకాళ్ల మీద పాకుతూ గొట్టాల మధ్యకు వెళ్లిపోయాడు. ఆయన్ను ఆపాలో వద్దో ఆమెకు తోచలేదు. ఇంతకంటే పాడవడానికి ఇంకేముంది?

కింద ప్రసంగం మొదలైంది. అయ్యగారి ప్రసంగం అంటే మామూలుగా సృష్టి నుంచి మొదలై, అందరి ఆకలీ చచ్చిపోయేదాకా సాగుతుంది. ఆ రోజు ఆయనకు మరో అనుమానం పట్టుకుంది. ఈ స్వరం తన ప్రసంగాల నిడివి మీద టీచరమ్మ విసిరిన విసురేమోనని. పైగా నిలబడ్డ జనానికి సృష్టి నుంచి చెప్పడం ఎంత గుండె ధైర్యం ఉన్నవాడికైనా కష్టం. ఆయన సృష్టి వదిలేశారు. ప్రవక్తల్ని వదిలేశారు. ఒకరినొకరు ప్రేమించండి, ఉన్నదాంట్లో పంచుకోండి, ఇంటికి వెళ్లాక పొరుగువాళ్లను పలకరించండి అని చెప్పి, ఆమెన్ అన్నారు. పుస్తకం మూస్తే ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లూ అంతసేపు ఎందుకు పట్టిందో తెలియలేదు.

ఆ తరవాత పాట. టీచరమ్మ పుస్తకం ముందు పెట్టుకుని ఆలోచించింది. వదలకుండా మోగుతున్న ఆ స్వరంతో పేచీ పెట్టుకోని శ్రుతి ఎంచుకోవాలి. పాటను కాస్త కిందకి దించి, 'జి'నే ఆధారం చేసుకుని మొదలుపెట్టింది. జనం అందుకున్నారు.

ఇన్నేళ్లలో ఆ సంఘం పాడుతుంటే ఆమె పడిన బాధ ఆమెకే తెలుసు. మొదటి చరణం ఒక శ్రుతిలో మొదలుపెడతారు, రెండోదానికి జారతారు, నాలుగోదానికి నేలమాళిగలో ఉంటారు. రొట్టెల దుకాణం ఆయనైతే మొదటి మాటకే అక్కడికి చేరుకుని మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తాడు. బతిమాలింది, ప్రత్యేకంగా క్లాసులు పెట్టింది, ఒక్కొక్కరినీ నిలబెట్టి పాడించింది. ఏం లాభం లేకపోయింది. రెండు తరాల పిల్లలకు సరిగమలు నేర్పిన మనిషి, ఈ పెద్దల దగ్గర ఓడిపోయానని ఎప్పుడో ఒప్పేసుకుంది.

ఆ రోజు వాళ్లు జారలేదు. ఆ మొండి స్వరం చెవిలో మోగుతూనే ఉంది కదా, జారబోయినవాడు మళ్లీ దాన్ని పట్టుకుని పైకొచ్చాడు. రెండో చరణం నిలబడింది. మూడోదీ నిలబడింది. పైగా టీచరమ్మను పంపించేస్తారట అన్న కోపంతో, ప్రేమతో, గుండెల నిండా ఊపిరి తీసుకుని పాడుతున్నారు. రొట్టెల దుకాణం ఆయన గొంతు వచ్చి ఆ స్వరం మీద సరిగ్గా కూర్చున్నప్పుడు టీచరమ్మకు ఒళ్లు పులకరించింది. సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చేసింది. కన్నీళ్లు కీల మీద పడుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. తీస్తే వాళ్లు కూర్చుంటారేమోనని కాదు, ఈ పాట అయిపోతుందేమోనని. పని పోతే పోనీ, ఇది విన్నాను చాలనుకుంది.

పాట ముగిసింది. స్వరం మిగిలింది. ఎవరూ కూర్చోలేదు.

అయ్యగారు ఆశీర్వాదం ఇవ్వడానికి చేతులెత్తారు. రొట్టెల దుకాణం ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ, మీరు చేతులు కాస్త దించండి. చైర్మన్ గారితో ఒక మాట ఉంది. టీచరమ్మ ఉంటారని ఆయన చెబితే మేం కూర్చుంటాం. లేకపోతే సాయంత్రం దాకా ఇలాగే."

"ఇలాగే," అన్నారు హెడ్మాస్టరు గారు. అందరూ తన మీద చూపించిన ప్రేమకు ఆయన ఆ పూట దేనికైనా సిద్ధంగా ఉన్నారు.

చైర్మన్ గారు చుట్టూ చూశారు. అన్ని బెంచీల ముందూ మనుషులు గోడ కట్టినట్టు నిలబడి ఉన్నారు. పక్కనే నిలబడ్డ ఆయన భార్య కూడా ఆయన వంక అదోలా చూస్తోంది. మోకాళ్లు అప్పటికే విన్నపాలు మానేసి బెదిరింపులకు దిగాయి. ఆయన మెల్లగా మైకు దగ్గరకు నడిచారు.

"నేనేదో తొందరలో అన్నాను. ఏ పెట్టే రాదు. ఆర్గన్ ఉంటుంది. టీచర్ గారికి ఓపికున్నన్నాళ్లు ఆవిడే వాయిస్తారు. ఇక ఇది నా మాట."

సరిగ్గా ఆ మాట పూర్తవుతుండగా, ఆర్గన్ పొట్టలో ఎక్కడో బోర్లా పడుకుని ఉన్న భర్త, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఆ కీ అడుగున ఇరుక్కున్న పుల్లను ఒక్క పొడుపు పొడిచాడు. కీ టక్కున పైకి లేచింది. స్వరం ఆగింది.

సంఘమంతా ఒక్క దెబ్బన కూర్చుంది. ఆ చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరాయి. చైర్మన్ గారు నోరు తెరిచి బాల్కనీ వంక చూస్తూ ఉండిపోయారు. అయ్యగారూ చూశారు. ఇద్దరి కళ్లలోనూ భయం, భక్తి సమపాళ్లలో ఉన్నాయి.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర టీచరమ్మను అందరూ చుట్టుముట్టారు. ఆమె నిజం చెప్పబోయింది.

"అది నేను కాదండీ. మావారు నూనె వేస్తే కీ ఇరుక్కుంది, అంతే."

"ఎంత వినయమమ్మా మీకు," అంది కళ్లు ఒత్తుకున్న ఆవిడ.

"నిజమండీ, నూనే. కావాలంటే ఆయన చొక్కా చూడండి," అని భర్తను ముందుకు లాగింది. మోచేతుల దాకా నూనె, తల నిండా బూజుతో ఆయన నిలబడ్డాడు.

"భార్య కోసం ఆర్గన్‌లోకి దూరిన మనిషి," అని రొట్టెల దుకాణం ఆయన మెచ్చుకోలుగా ఆయన వీపు తట్టి, చెయ్యి రుమాలుకి తుడుచుకున్నాడు. ఆమె ఇంకా రెండుసార్లు చెప్పి చూసింది. చెప్పినకొద్దీ ఆమె గొప్పతనం పెరుగుతోందని గమనించి ఊరుకుంది.

జనం పలచబడ్డాక చైర్మన్ గారు ఒక్కరే కుంటుకుంటూ వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు. మైకు దగ్గర్లో లేదని ఈసారి రూఢి చేసుకున్నట్టున్నారు.

"టీచర్ గారూ, జరిగిందేదో జరిగింది. మనసులో పెట్టుకోకండి. ఒక్క చిన్న సాయం. వచ్చే వారం కూడా అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టగానే, మీకు వీలైతే, ఆ స్వరం కాస్త... ఇంట్లో భోజనం ఇంత వేళకి తిని ఎన్నేళ్లయిందో."

టీచరమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "అది మీట నొక్కితే మోగేది కాదు చైర్మన్ గారూ."

"అవునవును, తెలుసు. మీ చిత్తం," అన్నారాయన వినయంగా.

ఆ మర్నాడే టీచరమ్మ దగ్గరుండి కీలన్నీ తీయించి, నూనె తుడిపించి, ఎండబెట్టించింది. భర్తను ఆ చుట్టుపక్కలకు రానివ్వలేదు. అప్పటినుంచి అయ్యగారు ప్రతి ఆదివారం ఓ కన్ను బాల్కనీ మీద వేసి, సృష్టి ఊసెత్తకుండా, చెప్పదలచుకున్న నాలుగు మాటలూ చెప్పి దిగిపోతున్నారు. ఆర్గన్‌కి ఇప్పుడు ఏ లోపమూ లేదన్న సంగతి ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.